దేశీ మాంజా అయితే పీక తెగదా?

"చైనా మాంజా వద్దు, దేశీ మాంజా ముద్దు" అని ఓ ఫార్వర్డు ఉంది. డిసెంబరు మూడో వారం నుంచి మొదలవుతుంది. ఆఫీసు గ్రూపులో వస్తుంది, కాలనీ గ్రూపులో వస్తుంది, ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో అయితే రోజుకి రెండుసార్లు వస్తుంది. కింద రెండు జెండాలు, ఒక దణ్ణం, ఒక గాలిపటం బొమ్మ. పంపేవాళ్ళంతా మంచివాళ్ళే, పిట్టల మీద జాలి ఉన్నవాళ్ళే. అందుకే నాకీ ఫార్వర్డంటే ఇంకా మంట. ఎవడో పనికిమాలినవాడు చెప్పే అబద్ధాన్ని ఎలాగూ పట్టించుకోం. మంచివాళ్ళు నమ్మి పంచే సగం నిజంతోనే గొడవంతా.

ఈసారి ఫార్వర్డుతో ఆగలేదు. మా టీంలో ఒక తమ్ముడున్నాడు, మా ఇంటికి రెండు సందుల అవతలే ఉంటాడు. మొన్న శనివారం ఒక ఐడియాతో వచ్చాడు. "అన్నా, నీ షెడ్ల సరేసు ఉంది, పొయ్యి ఉంది, ఎమరీ పొడి గూడ ఉంది. రెండు ఆదివారాలు కాలనీ పిల్లలకు మాంజా ఎట్ల జేస్తరో సూపిద్దాం. మన చిన్నప్పటి ముచ్చట వాళ్ళకు తెల్వాలె గదా" అన్నాడు. కుదరదన్నాను. "చైనా మాంజా కాదన్నా, దేశీ" అన్నాడు, నాకేదో సరిగ్గా వినపడలేదనుకుని. దేశీ అయినా కుదరదన్నాను. సాయంత్రానికి గ్రూపులో నేను సంస్కృతి గిట్టనివాడినైపోయాను. అక్కడ ఒక్కొక్కరికీ విడివిడిగా టైపు చేసి నా వేళ్ళు నొప్పెట్టాయి కాబట్టి మొత్తం ఇక్కడ రాసేస్తున్నా. లింకు పంపితే సరిపోతుంది.

తెలియనివాళ్ళ కోసం: హయత్‌నగర్‌లో మా ఇంటి డాబా మీద ఒక రేకుల గది ఉంది. వీకెండ్లలో చెక్కపని అక్కడ చేసుకుంటాను. ఉలులకి ఆఖరి మెరుపు తేవడానికి నేను వాడేది పాతకాలపు పద్ధతి. చెక్క చక్రానికి తోలు అంటించి, ఆ తోలు మీద వేడి సరేసు పూసి, ఎమరీ పొడిలో దొర్లించి ఆరబెడితే అదే సాన చక్రం. సరేసంటే జంతువుల చర్మాలు, ఎముకలు ఉడికించి తీసే జిగురు. బెల్లపు రంగులో గింజల్లానో బిళ్ళల్లానో దొరుకుతుంది. ఆ జిగురులోనే గరుకు పొడి కలిపి కడ్డీల్లా అమ్మే కాంపౌండ్లు కూడా ఉన్నాయి. తిరిగే బఫ్ చక్రానికి ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటాయి. అది ఆరాక పని మొదలెట్టాలి. ఏ రూపంలో ఉన్నా కిటుకు ఒకటే. కోసే పని రాతి పొడిది, దాన్ని కదలకుండా పట్టుకునే పని జిగురుది.

మాంజా కూడా అచ్చంగా ఇదే. చక్రం బదులు దారం, ఎమరీ బదులు గాజు పొడి. సాండ్‌పేపరు కథ కూడా ఇదే. 1833లో లండన్‌లో జాన్ ఓకీ అనే ఆయన కాగితానికి సరేసు పూసి, గాజు పొడి చల్లి అమ్మడం మొదలుపెట్టాడు. అప్పట్లో దాని పేరే గాజు కాగితం. కాబట్టి గాలిపటం, పండగ, బాల్యం అన్నీ ఒక నిమిషం పక్కన పెట్టి చూస్తే మాంజా అంటే కిలోమీటరు పొడవున్న సన్నటి సాండ్‌పేపరు. దాన్ని జనం తిరిగే రోడ్డు మీద, మెడ ఎత్తులో ఎక్కడపడితే అక్కడ వేలాడదీస్తున్నాం. "దేశీ సాండ్‌పేపరు గీసుకోదు" అని ఎవడైనా అంటే నవ్వుతాం కదా. దారం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు నమ్ముతున్నాం?

(ఎమరీలో గరుకు సరుకంతా కురువిందమే. ఇంగ్లీషు వాడి కోరండం మన కురువిందం, తమిళుల కురుందం నుంచి పోయిన మాటే. ఆ విషయంలో దేశీ గర్వం నాకూ ఉంది. కానీ గర్వపడాల్సింది పేరు చూసి. మెడకి చుట్టుకుని కాదు.)

ఇక చలి సంగతి. మా తమ్ముడికి అర్థం కానిదీ, ఫార్వర్డులో లేనిదీ ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

సరేసు చాలా పెంకి జిగురు. ముందు చన్నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టాలి, ఉబ్బుతుంది. తర్వాత నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, అందులో వేసి, అరవై డిగ్రీల దగ్గర ఉంచాలి. నేరుగా మంట మీద పెట్టి మరిగిస్తే పట్టు పోతుంది. కిందికి దించితే ముప్ఫై డిగ్రీల చుట్టుపక్కలకి రాగానే గడ్డకట్టడం మొదలు, అచ్చం జెల్లీలాగా. అంటే మే నెలలో మన హైదరాబాదు ఎండలో అది బుద్ధిగా చాలాసేపు పల్చగానే ఉంటుంది. కానీ మనం గాలిపటాలు ఎగరేసేది జనవరిలో.

జనవరి పొద్దున హయత్‌నగర్ ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకి తెలుసు. సిటీలో చలి లెక్కలు పేపర్లో వేసినప్పుడు మన పేరు తరచూ కింది వరసలోనే ఉంటుంది. ఒకవైపు హైవే, మరోవైపు క్రీడా వాళ్ళ పరిశోధనా పొలాలు, ఖాళీ జాగాలు, అడ్డుగాలి లేదు. పన్నెండు పద్నాలుగు డిగ్రీలు ఇక్కడ మామూలు. రేకుల గదిలో ఇంకా ఘోరం. రాత్రంతా రేకు ఆకాశానికి వేడిని వదిలేసి బయటి గాలి కన్నా చల్లబడిపోతుంది. పొద్దున్నే లోపలి వైపు మంచు నీరు చుక్కలు చుక్కలుగా దిగుతూ ఉంటుంది. ఆ గదిలో పొద్దున ఏడింటికి సరేసు పూస్తే ఏమవుతుంది? కుంచె గిన్నెలోంచి చక్రం దాకా వెళ్ళేలోపే తీగలు సాగుతుంది. తోలుకి తగలగానే గడ్డకడుతుంది. తోలు పోగుల్లోకి ఇంకదు, పైనే ఉండిపోతుంది. దాని మీద చల్లిన ఎమరీ సగం అంటుకుంటుంది, సగం ఒట్టి పేరుకి కూర్చుంటుంది. మోటారు ఆన్ చేశాక ఆ సగం మీ మొహం మీదికి వస్తుంది. అందుకే పాత పనివాళ్ళు చక్రాన్నీ, పొడినీ కూడా ముందు గోరువెచ్చగా కాచుకునేవాళ్ళు. నేను చలికాలంలో పదకొండు దాటాక, రేకు వేడెక్కాకే జిగురు పని పెట్టుకుంటాను. పూసినదాన్ని మర్నాటి దాకా ముట్టుకోను.

చక్రానికైనా కాస్త బరువుంది, కాచితే వేడి నిలుస్తుంది. దారానికి ఏముంది? పోగంత మందం. పన్నెండు డిగ్రీల గాలిలో రెండు కర్రల మధ్య కట్టిన దారం కూడా పన్నెండు డిగ్రీలే. ముద్ద చేత్తో పట్టుకుని దారం వెంట నడిచేలోపు జిగురు గడ్డలు గడ్డలుగా దిగుతుంది. ఒకచోట గాజు గుత్తి, ఒకచోట ఒట్టి నూలు. పైన చర్మం కట్టినట్టు ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చి. చరఖాకి చుట్టేస్తే పొర పొర అంటుకుని మొత్తం ఒకే ఉండ. చిన్నప్పుడు ఈ ఉండని విప్పుతూ పండగ గడిపినవాళ్ళు ఇది చదువుతున్నవారిలో కనీసం పదిమంది ఉంటారని నా అంచనా :-) పాతకాలం వాళ్ళు దీనికి చేసిందేమిటంటే ఓపిక పట్టడం. మిట్ట మధ్యాహ్నం ఎండలో, కొంచెం కొంచెం ముద్దతో, గంజి కలిపి, మళ్ళీ మళ్ళీ పూసేవాళ్ళు. రోజుకి నాలుగైదు గంటలే పని.

ఇప్పుడు మనకి ఆ ఓపిక ఉందా? రెండు ఆదివారాలు, పిల్లలు ఇరవైమంది, పదింటికి మొదలుపెట్టి ఒంటిగంటకి బిర్యానీ. సరేసు ఆరలేదు. తర్వాత ఏం జరుగుతుందో నేను రాసిస్తా. ఎవరో ఒకరు "దీనికి ఫెవికాల్ వాడితే పోలా" అంటారు. తెల్ల జిగురు కూడా నీళ్ళు ఆవిరైతేనే ఆరుతుంది. మరీ చల్లగా ఉంటే పొర సరిగ్గా కట్టక సుద్దలా రాలుతుంది. అప్పుడు ఇంకొకరు, మనలాంటి ఇంజనీరే అయ్యుంటాడు, రెండు ట్యూబుల ఎపాక్సీ కలిపి తెస్తాడు. చలికి అదీ నెమ్మదిగానే గట్టిపడుతుందని తెలిసి హెయిర్ డ్రయ్యర్ కూడా పట్టుకొస్తాడు. మనవాళ్ళ తెలివికి లోటేముంది, వర్క్‌అరౌండ్ రాయడంలో మనల్ని మించినవాళ్ళున్నారా! ఈసారి మాత్రం పట్టు బ్రహ్మాండంగా ఉంటుంది. వానకి మెత్తబడదు, ఎండకి ఊడదు. సరేసుకి నీళ్ళంటే భయం. తడిపి రుద్దే సాండ్‌పేపరు కోసం 1921లో అమెరికాలో త్రీఎం వాళ్ళు వేరే జిగురు వెతుక్కోవాల్సొచ్చింది కూడా అందుకే. మన ఎపాక్సీకి ఆ భయం లేదు. చలికి తట్టుకోలేక సరేసు వదిలేసిన క్షణంలో మీ చేతిలో ఉన్నది "దేశీ" కాదు. నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 2017 జులైలో నిషేధించిన సరుకు.

నమ్మకపోతే ఆ తీర్పు తీసి చదువుకోండి. ట్రిబ్యునల్ చైనా అన్న మాట పట్టుకుని వేలాడలేదు. నైలాను గానీ మరే సింథటిక్ పదార్థం గానీ, సింథటిక్ పూత పూసి మట్టిలో కలవకుండా ఉండే దారం గానీ, అన్నిటినీ కలిపి వద్దంది. పూత కూడా లెక్కలోకే వస్తుంది బాబులూ. అదే ఏడాది జనవరిలో ఢిల్లీ ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ ఇంకా సూటిగా ఉంది. గాజు, లోహం, జిగురు ఏవీ లేని నూలు దారంతో మాత్రమే ఎగరేయాలని. నాకు నచ్చిన స్పెసిఫికేషన్ అది. దేశం పేరు లేదు, దారానికి ఉండాల్సిన గుణాలున్నాయి.

ఇంకో మెలిక కూడా ఉంది. నూలు దారం అని కొనే రీలు నిజంగా నూలేనా? ఇవాళ కుట్టు మిషన్ల దారం ఎక్కువగా పాలిస్టరే. చిన్న ముక్క అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలయితే కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టరయితే కరిగి కొసన గట్టి పూసలా నిలుస్తుంది. మా తమ్ముడు గర్వంగా చూపించిన "ప్యూర్ కాటన్" రీలుకి ఈ పరీక్ష పెట్టాం. పూస వచ్చింది. వాడి మొహం చూడాల్సింది ఆ రెండు సెకన్లు. వెంటనే తేరుకుని "వేరే షాపుల తెస్తా అన్నా" అన్నాడనుకోండి, అది వేరే సంగతి.

సరే, వాదన కోసం అన్నీ ఒప్పుకుందాం. అసలు సిసలు నూలు, అసలు సిసలు సరేసు, మధ్యాహ్నపు ఎండ, ఓపికగల మనిషి. చట్టం వేలెత్తి చూపలేని మాంజా తయారైంది. ఇప్పుడు నా ఒకే ఒక్క ప్రశ్న. ఆ మాంజా ఎగరేసేవాడు వేళ్ళకి టేపు ఎందుకు చుట్టుకుంటాడు?

చైనా మాంజా రాకముందు కూడా చుట్టుకునేవాళ్ళం కదా. సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కునేవాళ్ళం. పండగయ్యాక చూపుడువేలు మడత దగ్గర సన్నటి గాట్లు, కారం తగిలితే చుర్రుమనేవి, ఎవరు మర్చిపోయారు? దారం వేగం మన చేతి అదుపులో ఉన్నప్పుడే చర్మం తెగింది. ఇప్పుడు దాన్ని గంటకి యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చే మెడకి అడ్డంగా పెట్టండి. యాభై అంటే సెకనుకి దాదాపు పద్నాలుగు మీటర్లు. దారం కంటికి కనపడి, బుర్రకి ఎక్కి, చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళేలోపు మీటర్ల కొద్దీ సాండ్‌పేపరు మెడ మీద లాగేసినట్టే. ఒక కొస స్తంభానికి చిక్కుకుని, రెండో కొస చెట్టులోనో పక్కబండికో ఇరుక్కుంటే ఇక రంపమే.

"నూలు తెగిపోతుంది కదా, నైలాను తెగదు" అంటారు. నిజమే, కాదనను. నైలాను చాలా ఎక్కువ ప్రమాదం. సాగుతుంది గానీ తెగదు, సన్నగా ఉండి కళ్ళకి ఆనదు, వానలో కుళ్ళదు, ఏళ్ళ తరబడి చెట్టుకి అలాగే వేలాడుతుంది. నూలు ఒకటి రెండు వానాకాలాల్లో చీకిపోతుంది. రెండూ ఒకటే అని ఎవరన్నా అంటే వాళ్ళతోనూ పోట్లాడతాను. కానీ మనం చేసే ఉద్యోగం ఏమిటి? పీ వన్ బగ్గు ఉందని పీ టూ బగ్గుని ఫీచర్ అని రిలీజ్ నోట్స్‌లో రాస్తామా? "తక్కువ ప్రమాదం" అన్నదాన్ని "సురక్షితం" అని పిల్లలకి నేర్పుదామా? నూలు తెగిపోయేలోపు చర్మం తెగదని ఎవరు గ్యారంటీ ఇస్తారు? అందులోనూ పేంచ్‌లో ఓడకూడదని రెండు పేటలు మూడు పేటలు పురిపెట్టి గట్టి చేసేది మనమే. తెగకూడదని తయారుచేసి, ప్రమాదం వచ్చినప్పుడు మాత్రం తెగిపోతుందిలే అంటే ఎలా?

అసలు ఆ "చైనా" అనే మాటే పెద్ద మాయ. ఆ పేరు పెట్టేసరికి సగం మందికి చేతులు కడిగేసుకున్నట్టుంటుంది. తప్పు ఎక్కడో బీజింగ్‌లో ఉంది, మన డాబా మీద లేదు. ఈ జబ్బు మనొక్కళ్ళకే లేదండోయ్. బ్రెజిల్‌లో గాలిపటాల పిచ్చి మనకి ఏమాత్రం తీసిపోదు. అక్కడి ఇంటి మాంజా పేరు సెరోల్. జిగురూ గాజు పొడీ, సేమ్ టు సేమ్. అది చాలక క్వార్ట్జ్ పొడి, అల్యూమినియం ఆక్సైడు (అంటే మళ్ళీ మన కురువిందమే) పూసిన ఇంకా క్రూరమైన దారం వచ్చింది. దాన్ని వాళ్ళేమంటారో తెలుసా? "చిలీ దారం". మనకి చైనా, వాళ్ళకి చిలీ! ఆ చిలీ వాళ్ళేమో 2013లోనే చట్టం చేసి అలాంటి దారాన్ని తమ దేశంలో నిషేధించుకున్నారు. గాజుకి గట్టిదనం అయిదున్నర, క్వార్ట్జ్‌కి ఏడు, కురువిందానికి తొమ్మిది. మా షెడ్డులో ఎమరీ పొడి ఉందని తమ్ముడు సంబరపడింది ఎందుకో ఇప్పుడు అర్థమయ్యిందా? "గాజు కంటె గట్టిగుంటది గదన్నా, అందర్ని కోసెయ్యొచ్చు." వాడి ఉద్దేశం అందరి పతంగులనీ అని. వాక్యం మాత్రం అలాగే అన్నాడు.

పిల్లల వర్క్‌షాప్ అన్నారు కాబట్టి గాజు గురించి కూడా ఓ మాట. ఫార్వర్డుల్లో సలహా ఏమిటంటే పాత ట్యూబ్‌లైట్లు పగలగొట్టి నూరమని, పల్చటి గాజు కాబట్టి మెత్తగా నలుగుతుందని. ఆ గొట్టంలో పాదరసం ఉంటుంది. కొద్దిగానే, కానీ పగిలితే ఆవిరిగా బయటికొస్తుంది. లోపల తెల్ల పొడి వేరే. దాన్ని రోట్లో వేసి దంచి, పల్చటి బట్టలో జల్లించి, ఇరవైమంది పిల్లలు చుట్టూ కూర్చుని పీల్చాలి. మనం ఇంట్లో ఒక్క గాజు గ్లాసు పగిలితే పిల్లల్ని సోఫా ఎక్కించి మూడుసార్లు ఊడ్చే జనం. పండగ పేరు చెబితే అదే గాజుని పౌడర్ చేసి చేతిలో పెడతామా?

ఇక నా అసలు కడుపుమంట మన రోడ్డు. ఈ పోస్టు చదివేవాళ్ళలో సగం మంది సంక్రాంతికి ఊరెళ్ళేది హయత్‌నగర్ మీదుగానే. ఎల్‌బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట, ఆ తర్వాత పంతంగి టోల్ గేటు దగ్గర గంట నిరీక్షణ. ఆ నాలుగు రోజులూ అరవయ్యైదో నంబరు హైవే మీద కార్లే కాదు, బండి మీద ముందు సంచీ, వెనక భార్య, మధ్యలో పిల్లవాడితో నల్గొండ, సూర్యాపేట దాకా వెళ్ళేవాళ్ళు వందలమంది. బస్సు దొరక్కో, చార్జీలు భరించలేకో. హైవేకి రెండువైపులా ఉన్న కాలనీల డాబాలన్నిటి మీదా సరిగ్గా అవే నాలుగు రోజులు పతంగులు. తెగిన ప్రతి పతంగి వెనక తోకలా కొంత దారం ఉంటుంది. అది గాలివాటున వచ్చి పడేది లైటు స్తంభాల మీద, ఫ్లైఓవర్ల మీద. ఫ్లైఓవర్ మరీ ప్రమాదం. డాబా ఎత్తులో ఉంటుంది, వేగం ఎక్కువ, ఆగడానికి చోటు లేదు. 2024 జనవరిలో లంగర్‌హౌస్ దగ్గర ఫ్లైఓవర్ మీద బండి మీద ఇంటికి వెళ్తున్న ఒక సైనికుడు మాంజా మెడకి తగిలి చనిపోయాడు. సరిహద్దు దాకా పోయి రాగల మనిషి. సంక్రాంతి ముందు, మన నగరంలో, ఎవరో ఎగరేసిన దారం.

ఆ పతంగి ఎగరేసినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు, గమనించారా? పతంగి తెగిన క్షణంలో వాడు "అఫా!" అని అరుస్తున్న పక్క డాబా వైపు చూసి, చరఖాలో మిగిలిన దారం చుట్టుకుని, ఇంకో పతంగి కట్టుకుని ఉంటాడు. వాడి లెక్క ప్రకారం పండగ బాగా జరిగింది. మనం రాసిన కోడ్ ఎక్కడో ప్రొడక్షన్లో కూలితే కనీసం అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. ఇక్కడ అదీ లేదు.

పిట్టల సంగతి ఫార్వర్డుల్లోనే ఉంటుంది కాబట్టి మళ్ళీ చెప్పను. ఒక్క చిత్రం మాత్రం చెప్తా. హైవే పక్కనే వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి ఉంది కదా, కృష్ణజింకల పార్కు. 1975లో మహావీరుడి నిర్వాణానికి 2500 ఏళ్ళు నిండిన సందర్భంగా ఆ పేరు పెట్టారు. అహింస గురించి అంతకన్నా గట్టిగా చెప్పినవాళ్ళు లేరు కాబట్టి. ఫిబ్రవరిలో ఓసారి ఆ పార్కు కంచె వెంట నడిచి చూడండి, తుమ్మ చెట్లకి ఎన్ని రంగుల మాంజా వేలాడుతోందో. అందులో దేశీ ఏదో, చైనా ఏదో కొంగకీ, గద్దకీ తెలియదు.

పోలీసులు ఏటా జనవరిలో దాడులు చేస్తారు, చరఖాలు వరసగా పేర్చి ఫోటో దిగుతారు. మంచిదే. కానీ సరుకు జనవరిలో దిగదు, అంతకుముందే దిగి ఇళ్ళలో ఉంటుంది. నాలుగు రోజుల ముందు మానిటరింగ్ ఆన్ చేసి పండగయ్యాక ఆపేస్తే ఏ సిస్టమూ నిలబడదు. అయినా దుకాణంలో దొరికేదాన్ని పోలీసు పట్టుకోగలడు. మా షెడ్డులో, మీ డాబా మీద పిల్లలతో చేయించేదాన్ని పట్టుకునేదెవరు? మనమే కదా. అందుకే నేను కుదరదన్నాను.

"అయితే పతంగులే మానేయమంటావా?" అని మా కాలనీ పెద్దాయన నిలదీశారు. ఎవరన్నారు సార్? పాకిస్తాన్‌లో మాంజా చావులు మితిమీరి 2005లో అక్కడి సుప్రీంకోర్టు మొత్తానికి పతంగులే వద్దంది. అక్కడిదాకా తెచ్చుకోవద్దనే నా గోల. ధూల్‌పేటలో తరాలుగా కాగితం, వెదురు పుల్లలతో పతంగులు కట్టే కుటుంబాలున్నాయి. ఆ కళకి గాజు పొడితో సంబంధం లేదు. పరేడ్ గ్రౌండ్స్‌లో జరిగిన అంతర్జాతీయ కైట్ ఫెస్టివల్‌కి వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, బస్సంత పతంగులు ఎగరేశారు, ఎవరి దారానికీ గాజు లేదు. సాదా దారంతో పేంచ్ లేదనేది కూడా ఉత్తిమాట. ఒకేచోట రాపిడి పడేలా లాగితే నూలు నూలుని కోస్తుంది. కాస్త టైం పడుతుంది, చేతికి పనితనం కావాలి. నన్నడిగితే అసలు ఆట అదే. గాజు పూసుకుని గెలవడం ఆన్సర్ కీ పెట్టుకుని పరీక్ష రాసినట్టుంటుంది.

బండి మీద వెళ్ళేవాళ్ళు ఆ వారం హెల్మెట్ అద్దం దించుకోండి, మెడకి దళసరి మఫ్లర్ చుట్టుకోండి, ముందు పిల్లల్ని నిలబెట్టకండి. బ్రెజిల్‌లో డెలివరీ బళ్ళకి హ్యాండిల్ దగ్గర దారాన్ని ఆపి తెంపే యాంటెన్నా ఉండాలని రూలే పెట్టారు. గుజరాత్‌లో కూడా ఉత్తరాయణం వచ్చిందంటే హ్యాండిల్‌కి తీగ వంపు బిగించుకుంటారు. దళసరి ఇనుప తీగ, రెండు క్లాంపులు, అరగంట పని. కావాల్సినవాళ్ళకి నేను బిగించి ఇస్తాను. కాకపోతే ఇది దెబ్బ తినేవాడి మీద వేసే ఖర్చు. దారం మన చేతిలో ఉన్నప్పుడు తీగ వాళ్ళు ఎందుకు బిగించుకోవాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తమ్ముడితో చివరికి రాజీ ఇలా కుదిరింది. ఆదివారం షెడ్డు తెరుస్తాను. వెదురు చీల్చడం, పుల్ల వంచడం, మైదా జిగురుతో కాగితం అంటించడం, కన్నెలు కట్టడం, ఇంతవరకే. మైదా జిగురు పన్నెండు డిగ్రీల్లో కూడా పేచీ పెట్టదు. దారం కాల్చి చూసి, బూడిద వచ్చినదే ఇస్తాం. ఎగరేసేది స్కూలు గ్రౌండులో, హైవే వైపు కాదు. కనుమ మర్నాడు పొద్దున ఏడింటికి చెట్ల మీదా, కరెంటు లేని స్తంభాల మీదా చిక్కుకున్న దారం ఏరడానికి వెళ్దామనుకుంటున్నాం. కరెంటు స్తంభాలు మాత్రం డిపార్ట్‌మెంటు వాళ్ళకే వదిలేద్దాం, ఎవరూ సాహసాలు చేయొద్దు. పొడవాటి వెదురు కర్రలు నా దగ్గర రెండే ఉన్నాయి, కనీసం ఇంకో నాలుగు కావాలి. హయత్‌నగర్, వనస్థలిపురం వైపు ఎవరి దగ్గరైనా ఉంటే కింద వ్యాఖ్యలో చెప్పండి.